షుగర్‌కి కొత్త మందులొచ్చాయి... మరి మనింటి ఆడవాళ్లకి?

పోయిన వేసవిలో మా వదిన ఒక షుగర్ మాత్ర మానేసింది. మానేసిన సంగతి మా అన్నకు తెలీదు, రాసిచ్చిన డాక్టరుగారికి తెలీదు, నాకు కూడా మూడు నెలలు గడిచాకగానీ తెలియలేదు. ఖరీదెక్కువై మానేసిందా అంటే అదీ కాదు. ఒకప్పుడు అరవై రూపాయల దగ్గర ఉండిన ఆ మాత్ర, పేటెంటు తీరిపోయాక పది, పన్నెండు రూపాయలకు దిగింది. దిగింది కాబట్టే డాక్టరుగారు రాశారు. చివరికి ఒకరోజు వంటింట్లో మేమిద్దరమే ఉన్నప్పుడు, చింతపండు పిసుకుతూ తల ఎత్తకుండానే చెప్పింది.

"ఒకటే దురద పాపా. ఎవురికని చెప్పేది, ఏమని చెప్పేది?"

షుగర్‌కి కొత్త మందుల గురించి ఈమధ్య పేపర్లలో, టీవీల్లో, ఫోన్లలో ఎంతో వస్తోంది. కంపెనీల పేర్లు వస్తున్నాయి, ధరలు వస్తున్నాయి, ఎన్ని కిలోలు తగ్గుతారో వస్తోంది. మా వదిన చింతపండు పిసుకుతూ చెప్పిన మాట మాత్రం ఎక్కడా రావడం లేదు. అందుకే ఇది రాస్తున్నాను.

మాది నంద్యాల దగ్గర గోస్పాడు. నాకు యాభై మూడేళ్లు. షుగర్ వచ్చి తొమ్మిదేళ్లయింది. మా అమ్మకు ఉండేది, మా అత్తగారికి ఉండేది, ఇప్పుడు నాకు, మా వదినకు. మాలాంటి ఇల్లు మా వీధిలో ఇంకోటి లేదని చెప్పలేను. 2023లో భారత వైద్య పరిశోధన మండలి సాయంతో జరిగిన పెద్ద సర్వే బయటికి వచ్చింది. దేశంలో 10 కోట్లమందికి పైగా షుగర్ ఉందనీ, మరో 13 కోట్ల 60 లక్షలమంది దాని గడప మీద ఉన్నారనీ అందులో తేల్చారు. మా అమ్మమ్మ కాలంలో ఈ నేలలో జొన్నరొట్టె, కొర్రన్నం తినేవాళ్లు. కాలువ నీళ్లొచ్చి, వరి వచ్చి, ఇప్పుడు మూడు పూటలా సన్నబియ్యమే. (మా నంద్యాల వ్యవసాయ పరిశోధన కేంద్రమే మంచి కొర్ర రకాలను కూడా ఇచ్చింది. కొర్రలు ఇప్పుడు హైదరాబాదులో ఉన్నవాళ్లు కొనుక్కుంటున్నారు. అది వేరే కథ.)

మా అమ్మాయి హైదరాబాదులో ఉంటుంది. "అమ్మా, వారానికి ఒక్క ఇంజెక్షనంట, షుగరూ తగ్గుతుంది, ఒళ్లూ తగ్గుతుంది, నువ్వు కూడా అడుగు" అని ఆరునెలలుగా పోరుతోంది. అడిగే ముందు నేనే కొంత తెలుసుకుందామని కూర్చున్నాను.

మాత్ర అట్ట మీద పేరు చూడండి

మందుల షాపులో పేర్లు వందలుంటాయి. కానీ అట్ట వెనక చిన్న అక్షరాల్లో ఉండే అసలు పేరు చివర చూస్తే అది ఏ కుటుంబానిదో తెలిసిపోతుంది. మన ఇంటిపేర్ల లాగే.

అందరికంటే పెద్దమనిషి మెట్‌ఫార్మిన్. 1957లో ఫ్రాన్సులో వాడకం మొదలైంది, ఈనాటికీ చాలామందికి మొట్టమొదట రాసేది దీన్నే. మాత్ర రెండు రూపాయలకు అటూ ఇటూ. కడుపులో కాస్త గడబిడ చేస్తుంది. ఏళ్ల తరబడి వాడితే బి12 విటమిన్ తగ్గవచ్చు. కాళ్లు తిమ్మిర్లెక్కితే అన్నీ షుగర్ మీదికే నెట్టకుండా బి12 కూడా చూడమనండి. మాంసం, గుడ్డు ముట్టని మనబోటి వాళ్లకు ఇది మరీ అవసరం.

దాని తర్వాత గ్లిబెన్‌క్లమైడ్, గ్లిమిపిరైడ్. ఇవి చవక, గట్టిగా పనిచేస్తాయి. అయితే మనం తిన్నామా లేదా అని చూడవు, షుగర్‌ని దించుకుంటూ పోతాయి. 1990ల్లో ఒక కార్తీక సోమవారం మా అమ్మ మాత్ర వేసుకుని, ఉపవాసంతో మహానందికి వచ్చి, కోనేటి మెట్ల మీద ఒళ్లంతా చెమటలు పట్టి కూలబడింది. ఎవరో పుణ్యాత్మురాలు నోట్లో ఇంత బెల్లం పెట్టింది. దేవుడు పరీక్షించాడని మా అమ్మ చాలాకాలం అనుకునేది. పరీక్షించింది ఆ మాత్ర.

చివర 'గ్లిప్టిన్' అని ఉండేవి మూడో కుటుంబం. సిటాగ్లిప్టిన్, విల్డాగ్లిప్టిన్ వగైరా. నెమ్మదస్తులు. ఒంటరిగా వాడితే షుగర్ పడిపోయే భయం తక్కువ. సిటాగ్లిప్టిన్ పేటెంటు 2022లో తీరింది, అదే సంవత్సరం జన్ ఔషధి దుకాణాల్లో 50 మిల్లీగ్రాములవి పది మాత్రలు అరవై రూపాయలకు పెట్టారు. గుండెకు అదనంగా మేలు చేసినట్టు పెద్ద పరీక్షల్లో తేలలేదు. వీటి గురించి ఇంతకంటే చెప్పేదేమీ లేదు.

అసలు రభసంతా మిగిలిన రెండు కుటుంబాల గురించే.

మా వదిన మాత్ర

పేరు చివర 'గ్లిఫ్లోజిన్' అని ఉంటుంది. డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్. మొదటిదాని పేటెంటు 2020లో, రెండోదానిది 2025 మార్చిలో మన దేశంలో తీరిపోయాయి. తీరిన మర్నాడే పదుల కంపెనీలు దిగి ధర పడగొట్టాయి.

ఇది చేసే పని వింతగా ఉంటుంది. మామూలుగా మూత్రపిండాలు రక్తంలోని చక్కెరను వడగట్టి, మళ్లీ జాగ్రత్తగా వెనక్కి తీసుకుంటాయి. పొదుపరి ఇల్లాలి లాగా. ఈ మాత్ర ఆ తిరిగి తీసుకోవడాన్ని అడ్డుకుంటుంది. దాంతో చక్కెర మూత్రంలో బయటికి పోతుంది, రోజుకు సుమారు అరవై, డెబ్బై గ్రాముల దాకా. అంటే చిన్న టీగ్లాసులో సగం పైన. దీని మూలం యాపిల్ చెట్టు బెరడులో ఉందని ఐరోపా రసాయన శాస్త్రజ్ఞులు 1835లోనే కనుక్కున్నారు. మందుగా మారడానికి నూట డెబ్బై ఏళ్లకు పైగా పట్టింది.

షుగర్ తగ్గించడంలో ఇది మరీ గొప్పదేం కాదు. గొప్పతనం గుండె దగ్గర, కిడ్నీ దగ్గర బయటపడింది. 2015లో ఎంపాగ్లిఫ్లోజిన్ మీద ఒక పెద్ద పరీక్ష ఫలితాలు వచ్చాయి. అప్పటికే గుండెజబ్బు ఉన్న ఏడువేలమంది షుగర్ రోగుల్ని మూడేళ్లకు పైగా గమనించారు. ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవాళ్లలో వందకు ఆరుగురు గుండెజబ్బుతో పోతే, అసలు మాత్ర వేసుకున్నవాళ్లలో నలుగురు పోయారు. "38 శాతం తగ్గింది" అని పేపర్లలో వేస్తారు. వందమందిలో ఇద్దరు అదనంగా బతికారని చెబితే మనకు బాగా అర్థమవుతుంది. ఇద్దరంటే తక్కువేం కాదు, ఆ ఇద్దరిలో ఒకరు మనమ్మ కావచ్చు. తర్వాత 2019, 2020, 2022 సంవత్సరాల్లో వచ్చిన పరీక్షల్లో ఈ కుటుంబం మందులు కిడ్నీలు చెడిపోవడాన్ని కూడా నెమ్మది చేస్తాయని రుజువైంది. డయాలిసిస్ బల్ల మీద మనవాళ్లను చూసినవాళ్లకు ఆ మాట విలువ నేను చెప్పక్కర్లేదు.

ఆ 2015 పరీక్షలో ఆడవాళ్లు ఎంతమంది? మూడోవంతు కూడా లేరు.

ఆ ఉన్నవాళ్లలోనే ఇంకో సంగతి కూడా లెక్కకు వచ్చింది. మాత్ర వేసుకున్న ప్రతి పదిమంది ఆడవాళ్లలో ఒకరికి జననాంగాల దగ్గర ఫంగస్ వచ్చి దురద, మంట. మాత్ర లేనివాళ్లలో అది నలభైమందిలో ఒకరికి. కారణం మనలాంటి వంటింటి మనుషులకు తెలిసిందే. తీపి ఉన్నచోటికి బూజు వస్తుంది.

ఇది ప్రాణం తీసేది కాదు. చెబితే డాక్టర్లు మామూలు ఫంగస్ మందు ఇస్తారు, చాలామందికి దాంతో సర్దుకుంటుంది. మాటిమాటికీ వస్తుంటే మాత్ర మారుస్తారు. మరి చెబితే కదా! మా వదిన పక్కన మా అన్న కూచుని ఉంటాడు. "ఏమైనా ఇబ్బంది ఉందామ్మా?" అని అడిగితే జవాబు మా అన్నే చెబుతాడు, "ఏం లేదు సార్, బాగనే ఉంది" అని. ఆయన చెడ్డవాడు కాదు, పాపం. ఆయనకేం తెలుసు?

ఇక్కడ మా ఊరి ఎండల సంగతి కూడా చెప్పాలి. నంద్యాల ఎండ ఎట్లాంటిదో టీవీలో రోజూ చూస్తూనే ఉంటారు, 44, 45 డిగ్రీలని. ఈ మాత్ర వేసుకున్నవాళ్లకు మూత్రం ఎక్కువ పోతుంది, కాబట్టి నీళ్లు ఎక్కువ తాగాలి. పొలంలో మిరపకాయలు కోసే ఆడమనిషి, బస్సులో కూలికి పోయే మనిషి, బడిలో పాఠం చెప్పే టీచరమ్మ, వీళ్లంతా పొద్దున నుంచి నీళ్లు తక్కువ తాగడం ఎందుకు నేర్చుకున్నారో మీకూ తెలుసు, నాకూ తెలుసు. వెళ్లడానికి చాటు ఉండదు. నీళ్లు తాగకపోతే ఈ మాత్రతో ఒళ్లు ఎండిపోతుంది, కళ్లు తిరుగుతాయి, మూత్రంలో మంటలు. కాగితం మీద మందు ఒకటే, వేసుకునే మనిషి రోజు ఒకటి కాదు.

ఇంకొక్క ముఖ్యమైన సంగతి. ఈ మాత్ర వేసుకుంటూ కఠిన ఉపవాసం ఉంటే, వాంతులు విరేచనాలైతే, లేదా ఆపరేషన్ ఉంటే, ఒంట్లో కీటోన్లనే ఆమ్లాలు పేరుకుని ప్రాణం మీదికి రావచ్చు. చిత్రమేమిటంటే అప్పుడు వేలికి గుచ్చి చూస్తే షుగర్ పెద్దగా కనిపించకపోవచ్చు, "షుగర్ బాగనే ఉంది కదా" అనుకుని ఇంట్లోనే ఉండిపోతారు. ఆపరేషన్‌కి కనీసం మూడు రోజుల ముందు ఆపిస్తారు. కాబట్టి కంటి ఆపరేషన్ అయినా, పంటి డాక్టరైనా ఈ మాత్ర సంగతి చెప్పి తీరాలి. శివరాత్రి, ఏకాదశి, కార్తీక సోమవారాలు, మా పక్కింటి ఖాలా వాళ్లకు రంజాన్ నెల... ఇంట్లో ఉపవాసాలు ఎక్కువగా ఎవరుంటారో లెక్క వేసుకోండి. పండగకు పదిరోజుల ముందే అడగాలి, పండగనాడు కాదు.

వారానికో ఇంజెక్షన్

ఇక మా అమ్మాయి చెప్పేవి. అమెరికా ఎడారుల్లో ఒక విషపు బల్లి ఉంది, ఏడాదికి కొద్దిసార్లే తింటుంది. దాని లాలాజలంలో దొరికిన పదార్థం ఆధారంగా 2005లో ఈ తరహా మొదటి మందుకు అమెరికాలో అనుమతి వచ్చింది. అన్నం తిన్నప్పుడు మన పేగుల్లో పుట్టే ఒక హార్మోనును అనుకరిస్తాయి ఈ మందులు. ఆకలి తగ్గిస్తాయి, పొట్ట ఖాళీ అవడాన్ని నెమ్మదిస్తాయి. సెమాగ్లూటైడ్, టిర్జెపటైడ్ అనేవి ఇప్పటి పెద్ద పేర్లు. సెమాగ్లూటైడ్ మాత్రగా 2022లో మన దేశంలోకి వచ్చింది. టిర్జెపటైడ్ 'మౌంజారో' పేరుతో 2025 మార్చిలో, సెమాగ్లూటైడ్ ఇంజెక్షన్ 'ఒజెంపిక్' పేరుతో 2025 డిసెంబరులో వచ్చాయి.

పనిచేస్తాయా? చేస్తాయి, అందులో అనుమానం లేదు. షుగర్ బాగా దిగుతుంది, బరువు తగ్గుతుంది. 2024లో వచ్చిన పరీక్షలో సెమాగ్లూటైడ్ షుగర్ రోగుల్లో కిడ్నీ జబ్బు ముదిరిపోవడాన్ని, గుండెజబ్బు, కిడ్నీ జబ్బు మరణాలను కలిపి చూస్తే, 24 శాతం తగ్గించింది. అది మాట వరసకు తీసిపారేసేది కాదు.

ఖర్చు? మౌంజారో వచ్చినప్పుడు అతి తక్కువ మోతాదు సీసా 3,500 రూపాయలు, తర్వాతి మోతాదు 4,375. వారానికి ఒకటి. ఒజెంపిక్ వచ్చినప్పుడు దాని మొదటి మోతాదు నెలకు 8,800. సెమాగ్లూటైడ్ మీద మన దేశంలో పేటెంటు గడువు 2026 మార్చి. ఆ గడువు దాటితే మన కంపెనీలకు దారి తెరుచుకున్నట్టే. గడువుకు ముందే, 2025 డిసెంబరులో, పేటెంటు లేని దేశాలకు తయారుచేసి పంపుకోవడానికి మన హైదరాబాదు డాక్టర్ రెడ్డీస్‌కు ఢిల్లీ హైకోర్టు అనుమతిచ్చింది. ఎంపాగ్లిఫ్లోజిన్ విషయంలో జరిగిందే ఇక్కడా జరిగితే ధర చాలా దిగాలి. దిగేదాకా ఆగగలిగినవాళ్లు ఆగితే నష్టం లేదనేది నా లెక్క. గుండె, కిడ్నీ ఇప్పటికే దెబ్బతిన్నవాళ్ల లెక్క వేరు, వాళ్లు ఆగకూడదు.

ధర దిగినా మిగిలేవి కొన్ని ఉన్నాయి. వికారం, వాంతులు, మలబద్ధకం మొదటి వారాల్లో మామూలు. పిత్తాశయంలో రాళ్లు, అరుదుగా క్లోమం వాపు. ఇంట్లో ఒక రకం థైరాయిడ్ క్యాన్సర్ ఎవరికైనా ఉండి ఉంటే వాడకూడదు. కడుపు నిండిపోయినట్టుండి అన్నం తగ్గిస్తే, కొవ్వుతో బాటు కండ కూడా కరుగుతుంది. ముట్లుడిగి ఎముకలు గుల్లబారుతున్న వయసులో మనకు కండ పోతే ఎట్లా? పప్పు, గుడ్డు, పెరుగు తగ్గించకూడదని చెప్పేవాళ్లుండాలి. చిన్నవయసు వాళ్లకు ఇంకో హెచ్చరిక, టిర్జెపటైడ్ మొదలుపెట్టినప్పుడు, మోతాదు పెంచినప్పుడు గర్భనిరోధక మాత్రల పని తగ్గవచ్చు. కడుపుతో ఉన్నప్పుడు ఈ ఇంజెక్షన్లు అసలు వద్దు.

పైగా మానేస్తే? బరువు కోసం సెమాగ్లూటైడ్ వాడి ఆపినవాళ్లను గమనిస్తే, ఏడాదిలో పోయిన బరువులో మూడింట రెండు వంతులు తిరిగొచ్చింది. అంటే ఇది ఒక కోర్సు కాదు, ఒక కాపురం. ఆరునెలలు కొనగలిగి ఏడోనెల కొనలేకపోతే ఏమిటి సంగతి అని మొదలుపెట్టే ముందే ఆలోచించుకోవాలి. ఇక పెట్టెను ఫ్రిజ్‌లో ఉంచాలి, తెరిచాక కూడా 30 డిగ్రీలు దాటకూడదు. ఏప్రిల్‌లో మా ఇంట్లో 30 డిగ్రీలుండే చోటు ఫ్రిజ్ ఒక్కటే. కరెంటు పోతే అదీ ఉండదు.

అంజిరెడ్డి గారి మందు

కొత్తదంటే మంచిదనే కాదు, కొత్తదంటే చెడ్డదనీ కాదు. ఈ రెండూ మన తెలుగువాళ్ల కథలోనే ఉన్నాయి. 1997లో డాక్టర్ రెడ్డీస్ సంస్థ తన సొంత పరిశోధనలో పుట్టిన ఒక షుగర్ మందును డెన్మార్కు కంపెనీ నోవో నార్డిస్క్‌కు ఇచ్చింది. ఒక భారతీయ కంపెనీ కనిపెట్టిన అణువును విదేశీ కంపెనీ తీసుకోవడం అప్పట్లో పెద్ద వార్త. గుంటూరు జిల్లాలో పుట్టిన అంజిరెడ్డి గారి పేరు ప్రతి పేపర్లోనూ వచ్చింది. తర్వాత ఇచ్చిన ఇంకో మందు, రాగాగ్లిటజార్, మనుషుల మీద పరీక్షల దాకా వెళ్లింది. 2002లో ఎలుకల మూత్రాశయంలో గడ్డలు కనిపించడంతో ఆపేశారు. ఎంత నిరాశ పడి ఉంటారో! కానీ ఆపడమే సరైన పని.

దాని దాయాది రోసిగ్లిటజోన్ 1999లో అమెరికాలో అనుమతి పొంది ప్రపంచమంతా అమ్ముడైంది. 2007లో గుండెపోటు అనుమానం లేచింది, 2010లో మన ప్రభుత్వం నిషేధించింది. అనుమానం అనుకున్నంత పెద్దది కాదని 2013లో అమెరికా ఆంక్షలు సడలించింది కూడా. ఈ గొడవ వల్ల ఒక మేలు జరిగింది. అప్పటినుంచి కొత్త షుగర్ మందుకు గుండె పరీక్ష చేయాలని పట్టుబట్టారు. గ్లిఫ్లోజిన్లు గుండెకు మంచివని తెలిసింది ఆ పట్టుదల వల్లే.

ఎవరి మందు ఎవరు కొంటారు

మా ఊళ్లో 104 బండి దగ్గర నాకు ఉచితంగా వచ్చేవి పాత రెండు మాత్రలే. వాటిని నేను చిన్నచూపు చూడను, వాటితోనే ఏడేళ్లు నెట్టుకొచ్చాను. కిడ్నీలు పోయాక డయాలిసిస్‌కు ప్రభుత్వ పథకం ఉంది, గుండె ఆపరేషన్‌కూ ఉంది. ఆ రెంటినీ వెనక్కి నెట్టే పది రూపాయల మాత్రను మాత్రం మన చేతి డబ్బుతో కొనాలి. మన చేతి డబ్బంటే ఎవరి చేతిది? మా బంధువుల్లో ఒక ఇంట్లో ఆయనకు నెలకు పదివేల ఇంజెక్షన్, ఆమెకు పాత గ్లిమిపిరైడ్. "ఆయన బయట తిరిగే మనిషి కదమ్మా" అని ఆమే నాకు నచ్చజెప్పింది.

పరీక్షల దగ్గరా ఇంతే. మూడునెలల పరీక్ష అంటామే, హెచ్‌బిఎవన్‌సి, దాన్ని చూసే మందులు పెంచుతారు, తగ్గిస్తారు. ఇనుము లోపంతో రక్తహీనత ఉంటే ఆ అంకె ఉన్నదానికంటే ఎక్కువ చూపవచ్చు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మన ఆంధ్రాలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో సగానికి పైగా రక్తహీనత ఉన్నవాళ్లే. కాబట్టి కొత్త మందు కలపబోయే ముందు రక్తం ఎంతుందో కూడా చూడమనడం తప్పు కాదు.

నేనేం చేశానంటారా? ఇంజెక్షన్ అడగలేదు. మూత్రంలో అల్బుమిన్ పరీక్ష అడిగాను. తొమ్మిదేళ్లలో అది నాకు మొదటిసారి. కొంచెం పోతోందని తేలింది, కిడ్నీ తలుపు తడుతోందన్నమాట. మెట్‌ఫార్మిన్ అలాగే ఉంచి, గ్లిమిపిరైడ్ సగానికి తగ్గించి, గ్లిఫ్లోజిన్ మాత్ర కలిపారు. మొదటి నెలలోనే నాకూ దురద వచ్చింది. వెంటనే ఫోను చేసి చెప్పాను, మందిచ్చారు, వారంలో తగ్గింది. బడికి వెళ్లేటప్పుడు రెండు సీసాల నీళ్లు మోస్తున్నాను. మా అమ్మాయికి కోపం, "నువ్వెప్పుడూ చవకవే ఎంచుకుంటావు" అని. బరువు నాకు అంత లేదే అంటే వినదు.

పోయిన నెల వదినను నేనే నంద్యాల తీసుకెళ్లాను. అన్న కూడా వచ్చాడు, ఎప్పటిలాగే ఫైలు పట్టుకుని ముందు నడిచాడు. మా వంతు రాగానే వదిన ఆయన చేతిలోంచి ఫైలు తీసుకుంది.

"మీరు ఈడ్నే కూచోండి. మేం పొయ్యొస్తాం."

లోపల డాక్టరుగారు అడిగినదానికీ, అడగనిదానికీ కూడా చెప్పింది. ఆయన కాసేపు రాయడం ఆపి, "ఇన్ని నెలలు చెప్పలేదేంటమ్మా" అన్నారు. "మీరు అడగలేదు కద సార్" అంది మా వదిన.